చేతుల్లోంచి గుంజుకునే స్టీరింగ్

ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే ఒక ఇరుకు దుకాణంలో నిలబడి, పారిపోవడానికి గుమ్మం ఎటుందా అని చూసుకుంటున్నాను. ఎదురుగా పెద్ద తెర, తెర మీద ఎర్ర కారు. దాన్ని నడపడానికి బల్లకి బిగించిన స్టీరింగు, కాళ్ళ దగ్గర పెడల్స్. పిల్లలు రేసు ఆటలు ఆడుకునే సరంజామా అది. నలభై దాటిన దాన్ని, ఆఫీసుకి సెలవు పెట్టి మరీ, నోయిడా నుంచి మెట్రోలో దాన్ని కొనుక్కోవడానికి వచ్చాను.

"బేటే కే లియే, మేడమ్?" అన్నాడు దుకాణం ఆయన. కొడుకు కోసమా అని.

"నహీ, మేరే లియే," అన్నాను.

ఆయన నా ముఖం ఒకసారి చూసి "అచ్ఛా" అని ఊరుకున్నాడు. నవ్వినా బాగుండేది. నేనూ నవ్వేసి, వచ్చిన దారినే పోయేదాన్ని.

ఆయన రెండు రకాలు చూపించాడు. మొదటిది తేలిక. రబ్బరు కప్పులతో బల్లకి అతుక్కుంటుంది, రెండే పెడల్స్. తిప్పి వదిలితే మెత్తగా వెనక్కి వచ్చేస్తుంది. రెండోది బరువు. బల్ల అంచుకి మరలతో బిగించాలి, క్లచ్చితో కలిపి మూడు పెడల్స్. లోపల మోటారు ఉంటుందట. తెర మీద కారు గతుకులో పడితే ఆ కుదుపు మన చేతులకి తెలుస్తుంది, టైరు జారితే స్టీరింగు దానంతటదే తిరగబోతుంది. "అస్లీ గాడీ జైసా," అన్నాడు. అచ్చం నిజం కారులాగే అని. నాకు కావలసింది అదే, నాకు భయమూ అదే.

కూర్చోమన్నాడు. కూర్చుని పట్టుకున్నాను. మలుపులో ఎర్ర కారు రోడ్డు అంచు ఎక్కింది. అంతే, స్టీరింగు నా చేతుల్లోంచి ఎడమవైపుకి విసురుగా గుంజుకుంది. రెండు చేతులూ వదిలేసి, కళ్ళు మూసుకుని, "అమ్మో!" అని అరిచాను. దుకాణంలో ఉన్న కుర్రకారంతా నావైపు తిరిగారు.

"ఆ మొదటిది ఇవ్వండి," అన్నాను లేచి.

"మేడమ్, వో తో ఖిలోనా హై," అన్నాడు. అది ఆటబొమ్మ అని.

"నాకు ఖిలోనాయే కావాలి," అన్నాను, కోపంగా. బొమ్మనే కొనుక్కుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని మెట్రోలో ఇంటికి వచ్చాను.

ఈ అవతారం ఎందుకో చెప్పాలి. అంతకుముందు ఎండాకాలంలో, మా అపార్టుమెంట్ల సొసైటీ పార్కింగులో, కారు తలుపు తీయబోతూ మా ఆయన పడిపోయారు. ఫిట్స్. అప్పటిదాకా ఆయనకి జలుబు చేస్తేనే ఇంట్లో వింతగా చెప్పుకునేవాళ్ళం. కళ్ళు పైకి తేలిపోయి, ఒళ్ళంతా బిగుసుకుని కొట్టుకుంటూంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. గార్డులు పరిగెత్తుకొచ్చారు. ఒకడు చెప్పు తీసి ముక్కు దగ్గర పెట్టాడు. ఎవరో "చాబీ పక్‌డావో!" అని, తాళాలు పట్టించమని అరిచారు. ఇనుము చేతిలో పెడితే ఫిట్స్ ఆగుతాయని మా కాకినాడలో కూడా అనేవారు, చిన్నప్పుడు వీధిలో చూశాను. ఆయన పక్కనే మా కారు తాళాల గుత్తి పడి ఉంది. నేనే తీసి ఆయన చేతిలో కుక్కాను. పిడికిలి బిగుసుకుపోయింది.

పక్క టవర్‌లో ఉండే అంకుల్ దిగి వచ్చి, "మీ కారులో తీసుకెళ్దాం, తాళాలేవి?" అన్నారు. వాళ్ళ కారు ఆరోజు మరమ్మతుకి వెళ్ళింది. తాళాలు పిడికిట్లో ఉన్నాయి. నేనూ అంకులూ కలిసి వేళ్ళు విప్పబోతే రాలేదు. ఫోన్లో పిలిచిన క్యాబ్ గేటు దాకా వచ్చింది. నురుగు కారుతున్న మనిషిని చూసి డ్రైవరు అద్దం ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. వాణ్ణి ఈనాటికీ తిట్టుకుంటూనే ఉంటాను. చివరికి పిడికిలి దానంతటది సడలాక, ఆ అంకులే మా కారు తీశారు. ఆస్పత్రిలో డాక్టరు మందులు రాసి, "ఇనుమూ గినుమూ ఏమీ పెట్టకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఆగకపోతే వెంటనే తీసుకురండి," అన్నారు. తాను చెప్పేదాకా ఈయన బండి నడపకూడదు అని కూడా అన్నారు.

ఆ శీతాకాలం రాకముందే అంకుల్‌కి పుణె బదిలీ అయింది. మళ్ళీ అలా అయితే ఎవరు తీసుకెళ్తారు? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వంట చేస్తున్నా అదే, ఆఫీసు మీటింగులో కూర్చున్నా అదే. ఆయన స్నానానికి వెళ్తే తలుపు గడియ పెట్టనిచ్చేదాన్ని కాదు. లోపల మగ్గు జారి పడినా పరిగెత్తేదాన్ని.

నాకు డ్రైవింగ్ రాకపోతే ఏ గొడవా లేదు. వచ్చు. కాకినాడలో నేర్చుకున్నాను, లైసెన్సూ ఉంది. కానీ అంతకు కొన్నేళ్ళ ముందు, ఒక శీతాకాలం ఉదయం మథుర నుంచి ఎక్స్‌ప్రెస్ వే మీద వస్తూ, ఆయనకి నడుం నొప్పి అని నేను స్టీరింగు పట్టుకున్నాను. పొగమంచు కమ్మేసింది. బానెట్ చివర కూడా కనబడటం లేదు. ఉన్నట్టుండి ఎదురుగా లైట్లు లేకుండా ఆగిపోయిన లారీ. పక్కకి తిప్పేసరికి టైరు దేనిమీదో ఎక్కి, స్టీరింగు నా చేతుల్లోంచి గుంజుకుంది. నేను వదిలేశాను. కారు డివైడర్‌ని రాసుకుంటూ పోయి ఆగింది. ఎవరికీ గోరంత గాయం కూడా కాలేదు. కానీ ఆ రోజు తర్వాత ఆ సీట్లో కూర్చోలేదు. కూర్చోబోతే అరచేతులు చెమటలు పట్టి, చక్రం పట్టు దొరికేది కాదు.

ఆయనకి ఫిట్స్ వచ్చాక డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళాను. పక్కన కూర్చుని నేర్పే మాస్టారి కాళ్ళ దగ్గర కూడా బ్రేకు ఉంటుందని తెలిసినా, మొదటి రోజే మధ్యలో దిగి ఆటో ఎక్కేశాను. అప్పుడు మా అమ్మాయి ఈ సలహా ఇచ్చింది. తొమ్మిదో తరగతి. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది.

"మమ్మా, గేమ్ మే సీఖ్ లో. ఉధర్ కోయీ మర్తా నహీ."

ఆటలో నేర్చుకో, అక్కడ ఎవరూ చావరు అని. ఆ మాటతోనే నెహ్రూ ప్లేస్ వెళ్ళాను.

బొమ్మ స్టీరింగుని డైనింగ్ టేబుల్‌కి అతికించిన రోజు మా ఆయన వంటింట్లోంచి రెండు నిమ్మకాయలు తెచ్చి, రెండు పెడల్స్ ముందూ పెట్టి, స్టీరింగు మధ్యలో కుంకుమ బొట్టు పెట్టారు.

"కొత్త బండి కదా, నిమ్మకాయలు తొక్కించకుండా ఎలాగే?"

"మీకు అన్నీ వేళాకోళమే అండీ."

"మరి? ఇంట్లో ఇద్దరికీ బండి నడపడానికి లేదు. నాకు డాక్టరు వద్దన్నాడు, నీకు నువ్వే వద్దన్నావు."

నవ్వుతూనే అన్నారు గానీ, ఆయనకి కారు నడపడమంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. కారు తాళాలు తగిలించే కొక్కెం వైపు రోజూ ఒకసారి చూసేవారు.

రేసు ఆటలో నేను మోపెడ్ వేగంతో వెళ్ళేదాన్ని. మిగతా కార్లన్నీ నన్ను దాటేసి, మళ్ళీ చుట్టి వచ్చి, మళ్ళీ దాటేసేవి. "మమ్మా, రేస్ హై, బారాత్ నహీ!" అని, ఇది పెళ్ళి ఊరేగింపు కాదని, మా అమ్మాయి నెత్తి కొట్టుకునేది. నేను మాత్రం హాయిగా ఉండేదాన్ని. స్టీరింగు ఎంత మెత్తగా ఉండేదంటే, చిటికెన వేలితో తిప్పినా తిరిగేది. రోజూ ఆఫీసు నుంచి వచ్చి, టీ తాగుతూ ఆడేదాన్ని. కొన్నాళ్ళకి నా భయం పోయిందనుకున్నాను. ఆయనతో అన్నాను కూడా, "ఇక నడిపేస్తానండీ," అని.

ఒక ఆదివారం పొద్దున్న ముగ్గురం పార్కింగుకి దిగాం. ఇంజను స్టార్ట్ చేశాను. ఎడమ కాలు క్లచ్చి మీద పెట్టాల్సి వచ్చేసరికి మొదట కంగారు పడ్డాను. బొమ్మకి క్లచ్చి లేదు కదా. ఎలాగో కదిలించాను. స్తంభం దగ్గర మలుపు తిప్పాలి. ఇన్నాళ్ళూ ఆటలో తిప్పినట్టే, అలవాటు కొద్దీ చేతులు కొంచెమే తిప్పి ఆగిపోయాయి. కారు తిరగలేదు. నేరుగా స్తంభం మీదికి పోతోంది. పక్క సీట్లోంచి మా ఆయన, అక్కడ లేని బ్రేకుని కుడికాలితో అదిమేశారు. నేను రెండు కాళ్ళతోనూ తొక్కాను. స్తంభానికి జానెడు దూరంలో కారు కుదుపుతో ఆగి, ఇంజను ఆగిపోయింది.

"మమ్మా, వో వాలా ఇత్నా హీ ఘూమ్తా థా," అంది వెనక సీట్లోంచి అమ్మాయి, సగం చుట్టు చేత్తో చూపిస్తూ. ఇంటిది అంతే తిరుగుతుంది. కారుది చుట్లు చుట్లు తిరగాలి.

భయం పోవడం కాదు కదా, నా చేతులకి తప్పు కూడా నేర్పాను. నన్ను భయపెట్టనిది ఏదో చూసి మరీ ఎంచుకున్నాను, అది నన్ను దేనికీ పనికిరాకుండా చేసింది. ఈయనకి నిన్ననే మళ్ళీ ఫిట్స్ వచ్చి, నేనే తీసుకెళ్తానని ధైర్యంగా కారెక్కి ఉంటే? ఆ ఊహకి కారు దిగి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను.

మరుసటి శనివారం బొమ్మని వెనక్కి పట్టుకెళ్ళి, పైన డబ్బులు కట్టి మోటారు ఉన్నది తెచ్చుకున్నాను. దుకాణం ఆయన "ఠీక్ హై" అని బిల్లు రాసి ఇచ్చాడు. బరువైన ఆ పెట్టెని మెట్రో మెట్ల మీద మోసుకుంటూ, ఇది నన్ను చంపదు, ఇది నన్ను చంపదు అని మనసులో అనుకుంటూనే ఉన్నాను.

అది చంపలేదు గానీ, చంపినంత పని చేసింది. బల్ల అంచుకి బిగించాక, అది కదిలినప్పుడల్లా బల్ల మొత్తం వణికేది. బల్ల మీది గ్లాసులు చప్పుడు చేసేవి. మొదటి రోజుల్లో ప్రతి కుదుపుకీ చేతులు వదిలేశాను. వదిలినప్పుడల్లా తెర మీద కారు గోడకి కొట్టుకునేది. కళ్ళ ముందు మళ్ళీ అదే ఎక్స్‌ప్రెస్ వే. ఒకసారి ఏడ్చేశాను కూడా, దాని మీద తల వాల్చి.

పక్కన కుర్చీలో పేపరు చదువుకునే మా ఆయన ఆరోజు పేపరు మడిచారు.

"దాంతో ఎందుకే కుస్తీ పడతావ్? గట్టిగా పట్టుకుంటే చేతులు నొప్పి. వదిలేస్తే కొంప మునుగుతుంది. లాగితే లాగనీ, నువ్వు వదలకుండా ఉండు, అంతే."

చెప్పడం ఎంత తేలికో! కానీ రోజులు గడిచేకొద్దీ చేతులు వదలడం తగ్గింది. భయం తగ్గలేదు. భయంతోనే పట్టుకోవడం నేర్చుకున్నాను. నిజం కారుని సొసైటీ లోపలి రోడ్డు మీద చుట్లు తిప్పాను, ఆయన పక్కన కూర్చుని అదృశ్య బ్రేకు తొక్కుతూంటే. గేటు మాత్రం దాటలేదు. గేటు అవతల అడ్డదిడ్డంగా వచ్చే ఈ-రిక్షాలు, ఆఫీసు క్యాబులు చూస్తేనే స్టీరింగు వెనక్కి తిప్పేసేదాన్ని.

ఆటలో వాతావరణం మార్చుకునే వీలుంది. ఎండ, వాన, పొగమంచు. పొగమంచుని నేను ఎప్పుడూ ముట్టుకోలేదు. డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఎందుకో మొండి పట్టుదల వచ్చింది. పొగమంచు పెట్టుకున్నాను. లోపలి గదిలో అమ్మాయి పరీక్షకి చదువుకుంటోందని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను. మా ఆయన ఎప్పటిలాగే పక్క కుర్చీలో పేపరుతో కూర్చున్నారు.

తెర తెల్లబడింది. అచ్చం అదే తెలుపు. అయినా నడిపాను. చక్రం చేతుల్లో గిలగిల్లాడింది, వదల్లేదు. బల్ల కూడా వణకడం మొదలుపెట్టింది. ఇవాళ మరీ ఎక్కువ వణుకుతోంది. గతుకుల రోడ్డని చూపించడానికి ఇంతలా కుదుపుతుందా, ఎంత బాగా చేశారో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. చేతులు వదలనందుకు లోలోపల పొంగిపోతున్నాను కూడా.

ఇక చాలని బ్రేకు తొక్కాను. తెర మీద కారు ఆగింది. స్టీరింగు చేతుల్లో నిశ్చలంగా ఉంది.

బల్ల ఇంకా వణుకుతోంది.

పక్కకి చూశాను. కుర్చీలో ఆయన లేరు. బల్ల కింద, పేపరు మీద పడి ఉన్నారు. ఆయన మడమ బల్ల కోడుని కొడుతోంది, ఆగకుండా.

హెడ్‌ఫోన్లు లాగి పారేశాను. నా అరుపుకి అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. ఇద్దరం కుర్చీలు నెట్టేసి ఆయన్ని పక్కకి తిప్పాం, తల కింద దిండు పెట్టాం. ఆగుతుందని చూశాం. ఆగలేదు. ఎంతసేపటి నుంచి ఉందో నాకు తెలియదు, అదే నా ప్రాణం తీసింది. అమ్మాయి అంబులెన్సుకి ఫోను చేసింది. ఫ్లైఓవర్ దగ్గర జామ్, టైమ్ పడుతుంది అన్నారట. ఈలోగా ఎదురింటి ఆంటీ, గార్డూ వచ్చేశారు. నేను కొక్కెం మీది కారు తాళాలు లాక్కున్నాను.

"చాబీ హాథ్ మే దో, బేటా, జల్దీ!" అంది ఆంటీ, ఆయన పిడికిలి చూపిస్తూ.

డాక్టరు చెప్పింది నాకు గుర్తుంది. అయినా నా చెయ్యి ఆయన చేతి దాకా వెళ్ళింది. చిన్నప్పటి నుంచి చూసింది, ఒకసారి చేసింది, చెయ్యి దానంతటది వెళ్ళింది. ఆయన వేళ్ళు నా వేళ్ళకి తగిలాయి. గేటు అవతలి రోడ్డు గుర్తొచ్చింది. తాళాలు అక్కడ పెట్టేస్తే నేను నడపక్కర్లేదు, ఇంకెవరో చూసుకుంటారు, అని కూడా ఒక్క క్షణం అనిపించింది.

పిడికిలి మూసుకున్నాను. నా పిడికిలి.

"నహీ ఆంటీ. చాబీ ముఝే చాహియే," అన్నాను. తాళాలు నాకు కావాలి అని.

ఆయన్ని దుప్పట్లో పెట్టి లిఫ్టులో దించారు. వెనక సీట్లో అమ్మాయి ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, పక్కకి తిప్పి పట్టుకుంది. గేటు దాటాను. ఎండ లేదు, బూడిదరంగు మంచు, ముందు బండి ఎర్ర లైట్లు మాత్రం కనబడుతున్నాయి. దేవుడా దేవుడా అని పైకే అంటున్నాను. మెట్రో స్తంభాల కింద మలుపులో, రోడ్డు తవ్వి సరిగా పూడ్చని చోట టైరు దిగబడింది. స్టీరింగు ఎడమకి విసురుగా గుంజుకుంది. పక్కనే ఈ-రిక్షా, దాన్నిండా జనం. కళ్ళు మూసుకోబోయాను. వెనక నుంచి ఆయన గుర్రుమన్న శబ్దం వినబడింది. మూసుకోలేదు. చేతులు చక్రంతో పాటే వెళ్ళి, చక్రంతో పాటే తిరిగొచ్చాయి.

ఆస్పత్రిలో వాళ్ళు ఆయన్ని స్ట్రెచర్ మీద లోపలికి తోసుకుపోయారు. తర్వాత జరిగిందేదీ నాకు వరసగా గుర్తులేదు. ఇంజెక్షను ఇచ్చారని, ఆగిందని, ఇక నిద్రపోతారని ఎవరో చెప్పారు. అమ్మాయి నా భుజం మీద తల పెట్టుకుని కూర్చుంది. లోపలికి రమ్మని పిలిచేసరికి బయట చీకటి పడుతోంది.

ఆయన కళ్ళు తెరిచారు. చాలాసేపు మమ్మల్ని పోల్చుకోలేదు. తర్వాత పెదాలు కదిలాయి.

"ఎవరు తీసుకొచ్చారు? అంకులా?"

ఆయన మనసు ఇంకా ఎండాకాలంలోనే ఉంది. పిడికిలి విప్పి చూపిద్దామనుకున్నాను, వేళ్ళు రాలేదు. అమ్మాయి ఒక్కొక్క వేలే మెల్లిగా విప్పింది. అరచేతిలో కారు తాళం, దాని పళ్ళు దిగిన ఎర్రటి గుర్తులు. ఆయన ఆ గుర్తుల్ని చూశారు.

"నువ్వా?"

తల ఊపాను.

"స్టీరింగు లాగిందా?"

"లాగింది."

"మరి?"

"వదల్లేదండీ," అన్నాను. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు.